చెన్నైలో ఆసియా సమకాలీన కళ: ఏ గ్యాలరీకి, ఎవరితో, ఎన్ని గంటలకి

మా ఆఫీసులో కొత్తగా చేరిన గుంటూరు అబ్బాయి ఒకడు మొన్న టిఫిన్ బాక్సు తెరుస్తూ అడిగాడు. "అన్నా, ఆసియా దేశాల ఇప్పటి ఆర్ట్ చూడాలంటే చెన్నైలో ఎక్కడికెళ్ళాలి?" వాడు కిందటేడు సింగపూర్ వెళ్ళొచ్చాడు. అక్కడ నేషనల్ గ్యాలరీ చూశాడు. పాత సుప్రీం కోర్టు, సిటీ హాలు భవనాలు రెండూ కలిపి 2015లో తెరిచిన గ్యాలరీ అది. ఆగ్నేయాసియా కళ అంతా ఒకే కప్పు కింద దొరుకుతుంది. అలాంటిదే ఇక్కడా ఒకటి ఉంటుందని వాడి లెక్క.

లేదు. చెన్నైలో ఆసియా సమకాలీన కళకి సొంతిల్లు లేదు, అద్దె ఇళ్ళే ఉన్నాయి. ఒక నెల అడయార్ వైపు కొరియా పింగాణీ, ఇంకో నెల గ్రీమ్స్ రోడ్డులో ఏదో బృంద ప్రదర్శన, రెండు మూడేళ్ళకోసారి ఊరంతా ఫోటోలు. అందుకే "ఏది బెస్ట్" అని అడిగినవాళ్ళని నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. నీ దగ్గర ఎన్ని గంటలున్నాయి? పక్కన ఎవరుంటారు? చూడటానికా, కొనడానికా? వీటికి జవాబులు తెలిస్తే మిగతాది తేలిక. మా గుంటూరు వాడు మాత్రం "నాకు అన్నీ చూడాలనుందన్నా" అన్నాడు. వాడి సంగతి చివర్లో చెప్తాను.

గంటన్నర ఉంటే గ్రీమ్స్ రోడ్డు

మన తెలుగువాళ్ళకి గ్రీమ్స్ రోడ్డు అనగానే అపోలో ఆసుపత్రి గుర్తొస్తుంది. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో పొద్దున్నే బయల్దేరి వచ్చి, రక్తం ఇచ్చి, రిపోర్టు నాలుగింటికి అన్నాక ఏం చేయాలో తోచక టీ కొట్టు దగ్గర నిలబడే మనవాళ్ళు ఆ చుట్టుపక్కల రోజూ కనబడతారు. లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉన్నది ఆ రోడ్డులోనే. టికెట్ లేదు. మెట్రోలో వస్తే థౌజండ్ లైట్స్ స్టేషన్‌లో దిగితే సరిపోతుంది. ప్రదర్శన హాళ్ళతో పాటు ప్రింట్లు తీసేవాళ్ళకీ, శిల్పాలు చేసేవాళ్ళకీ, మట్టిపని వాళ్ళకీ లోపల స్టూడియోలున్నాయి.

మా నెల్లూరు అత్తయ్య చెకప్‌కి వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే రెండు గంటలు మిగిలాయి. ఆమెని అక్కడికి తీసుకెళ్ళాను. వెళ్ళేముందు నాకే కొంచెం బెరుకు, "ఇదేందిరా ఈ గీతలు" అంటుందేమోనని. ఆ వారం ఎవరో కుర్ర ఆర్టిస్టు ఎచింగ్ ప్రింట్లు పెట్టాడు. అత్తయ్య నేరుగా అతని దగ్గరికే వెళ్ళి "నాయనా, ఇది పెన్నుతో గీసిందేనా?" అంది. అతనిది తమిళం, ఈమెది నెల్లూరు తెలుగు, మధ్యలో నేను. అతను లోపలికి వెళ్ళి ఒక జింకు రేకు తెచ్చి చేతికిచ్చాడు. గీతలు గీసిన చోట ఆసిడ్ తినేసి పల్లం పడుతుందనీ, ఆ పల్లంలో రంగు నింపి కాగితం మీద అద్దుతారనీ చెప్పాడు. అత్తయ్య రేకు మీద వేలు పెట్టి రాసి చూసింది. "పెళ్ళి బిందెల మీద పేర్లు చెక్కిస్తాం చూడూ, అట్టాంటిదే కదా" అంది. నేను తర్జుమా చేసేలోపే అతనికి అర్థమై నవ్వేశాడు.

అకాడమీ బలం ఇదే. గీసినవాళ్ళు తరచుగా అక్కడే ఉంటారు. మొదటిసారి గ్యాలరీకి వెళ్ళేవాళ్ళకి గోడ మీద ఇంగ్లీషులో రాసిన పెద్ద పేరాల కన్నా ఇది వంద రెట్లు మేలు.

బలహీనతా చెప్పాలి. హాళ్ళని ఆర్టిస్టులు అద్దెకి తీసుకుంటారు కాబట్టి నాణ్యతకి గ్యారంటీ లేదు. ఒక వారం కాళ్ళు కదలనివ్వని పని ఉంటుంది, మరుసటి వారం క్యాలెండర్ వినాయకుళ్ళే వరసగా కనబడతాయి. నేను పదిసార్లు వెళ్తే నాలుగుసార్లు బాగుందనుకుని వస్తాను. మిగతా ఆరుసార్లు కూడా పోయింది అరగంటే కాబట్టి బాధ లేదు. విదేశీ సాంస్కృతిక కేంద్రాలు తమ ప్రదర్శనలని ఇక్కడికి తెస్తుంటాయి కానీ, కచ్చితంగా ఆసియా కళే కావాలంటే ముందుగా కనుక్కుని వెళ్ళాలి.

నలభై నిమిషాలే ఉంటే, కానీ ఆసియానే కావాలంటే

ఇన్‌కో సెంటర్. ఆర్.ఏ. పురం, అడయార్ క్లబ్ గేట్ రోడ్డులో ఉంది. భారత్, కొరియాల మధ్య సాంస్కృతిక రాకపోకల కోసం 2006లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ. టీవీఎస్ మోటార్, హ్యుండాయ్ లాంటి కంపెనీల అండ ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్ళో కొరియన్లు పెరిగారు, వాళ్ళ వెనకే వాళ్ళ భాషా తిండీ బొమ్మలూ వచ్చాయి. ఇక్కడి గ్యాలరీ చిన్నది. జనం ఉండరు. అకాడమీకి దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ ఏది దొరుకుతుందో మన అదృష్టం, ఇక్కడ ఎవరో ఆలోచించి ఎంచి పెడతారు. వస్తువులు తక్కువ, వాటి మధ్య ఖాళీ ఎక్కువ.

ఆ ఖాళీయే మనవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. మన కళ్ళు కలంకారీకి, కంచిపట్టుకి అలవాటు పడ్డవి. అంగుళం ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టారనుకుంటాం. తెల్లటి గుండ్రటి జాడీ ఒకటి బల్ల మీద పెట్టి చుట్టూ ఏమీ పెట్టకపోతే "ఇంతేనా?" అనిపిస్తుంది. కొరియాలో దాన్ని చంద్రుడి జాడీ అంటారు. రెండు అర్ధగోళాలు విడివిడిగా చేసి మధ్యలో అతికిస్తారు. కాల్చినప్పుడు అతుకు దగ్గర కొంచెం వంకర తేలుతుంది. దాన్ని దాచరు, ఆ వంకరే అందం అంటారు. ఈ ఒక్క ముక్క తెలిసి చూస్తే ఆ జాడీ ముందు ఐదు నిమిషాలు నిలబడొచ్చు.

1970ల్లో కొరియాలో దాన్‌సెక్‌హ్వా అని ఒక ధోరణి బలపడింది. ఏకవర్ణ చిత్రం అని అర్థం. అందులో పెద్ద పేరు పార్క్ సో-బో (1931–2023). తడి రంగు మీద పెన్సిల్‌తో ఒకే గీత మళ్ళీ మళ్ళీ గీస్తూ పోయేవాడు. 1960ల చివర్లో ఆయనకా ఆలోచన ఎలా వచ్చిందో చెప్పుకున్న కథ నాకు చాలా ఇష్టం. వాళ్ళ చిన్నబ్బాయి గళ్ళ కాపీలో అక్షరాలు రాయబోయి, గడిలో ఇమడక, విసుగొచ్చి, పేజీ అంతా గీతలు కొట్టేశాడట. పలక మీద అ ఆలు దిద్దలేక బలపంతో అడ్డంగా గీకేసిన ప్రతి పిల్లాడూ చేసే పనే. తండ్రి దాన్నే పట్టుకుని జీవితాంతం గీశాడు. ఆ చిత్రాలకి పెట్టుకున్న పేరు ఫ్రెంచిలో "ఎక్రిత్యూర్", అంటే రాత. చదవడానికి వీల్లేని రాత. ఇన్‌కోకి వెళ్తే పార్క్ బొమ్మలే గోడకి ఉంటాయని కాదు నేను చెప్పేది. అక్కడ కొరియా ఆర్టిస్టు ఎవరి పని చూసినా ఈ ఓపిక, ఈ పునరుక్తి ఎక్కడినుంచి వచ్చాయో తెలిసుంటే కళ్ళు నిలుస్తాయి.

పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. మా పాప ఏడు నిమిషాల్లో "అయిపోయిందా నాన్నా" అంది.

ఒక రోజంతా ఉంటే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు)

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం తిరగేసి ఉంటుంది. ఆసియా కళ అనగానే చాలామంది ఇన్‌కో లాంటి చోటికి ముందు వెళ్ళమంటారు. నేనైతే ముందు ఆ రోడ్డు మీది ఇంజంబాక్కంలోని చోళమండల్‌కి వెళ్ళమంటాను. ఎందుకో చెప్తాను.

మద్రాసు ఆర్ట్ స్కూలు 1850 నాటిది. దానికి తొలి భారతీయ ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్‌చౌధురి, మెరీనాలో శ్రామికుల విగ్రహం చేసినాయన. ఆయన తర్వాత 1957లో కె.సి.ఎస్. పణికర్ ప్రిన్సిపాల్ అయ్యాడు. చదువైపోయిన కుర్రాళ్ళు పొట్టకూటి కోసం ఏదో ఉద్యోగంలో చేరి బొమ్మలు వదిలేయడం చూసి ఆయన బెంగపడ్డాడు. అందరూ కలిసి బాతిక్ బట్టలు, చేతిపని వస్తువులు చేసి అమ్మారు. ఆ డబ్బుతో సముద్రం పక్కన ఇసుక నేల కొని 1966లో ఊరు కట్టుకున్నారు. అదే చోళమండల్ కళాకారుల గ్రామం. ప్రభుత్వం ఇచ్చిన స్థలం కాదు, జమీందారు దానమూ కాదు. చీరలకీ లుంగీలకీ మైనం పూసి రంగులద్ది సంపాదించిన నేల. నాకు తెలిసి దేశంలో ఇలాంటి కథ ఇంకోటి లేదు.

వాళ్ళ ముందున్న ప్రశ్న ఇది: ప్యారిస్‌ని నకలు కొట్టకుండా, అలాగని పాత గుడి బొమ్మల్నే తిరగరాయకుండా, ఇప్పటి బొమ్మ ఎలా గీయాలి? అదే కాలంలో జపాన్‌లో గుటాయ్ బృందం, 1954లో ఒసాకా దగ్గర అషియాలో మొదలైనది, ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతోంది. వాళ్ళలో కజువో షిరాగా తాడు పట్టుకుని వేలాడుతూ కాళ్ళతో రంగులేశాడు. సియోల్‌లో పార్క్ గీతలు గీశాడు. మద్రాసులో పణికర్ 1963 నుంచి "పదాలు, ప్రతీకలు" అనే వరస మొదలుపెట్టాడు. కాన్వాసు నిండా అక్షరాల్లాంటి గీతలు, అంకెలు, చక్రాలు, పట్టికలు. చదవబోతే ఒక్క ముక్క అర్థం కాదు.

ఇదే అత్తయ్య పణికర్ బొమ్మ చూసి అన్నమాట: "ఇదేంది, జాతకచక్రం రాసి సగంలో వదిలేసినట్టుందే!" ఆమెకి తెలియకుండానే గురి తగిలింది. ఆయన తీసుకున్నది సరిగ్గా ఆ జాతకం కాగితాల వాలకమే.

సియోల్‌లో ఒకరు, మద్రాసులో ఒకరు, ఇద్దరూ దాదాపు ఒకే దశాబ్దంలో చదవలేని రాత గీశారు. ఒకరు ఖాళీ చేస్తూ పోయారు, ఒకరు నింపుతూ పోయారు. ముందు చోళమండల్ చూసి ఆ తర్వాత ఇన్‌కోకి వెళ్తే ఈ తేడా చేతికి తగులుతుంది. తిరగేసి వెళ్తే కొరియా పని "ఫారిన్ సరుకు"లా కనబడి ఊరుకుంటుంది.

2009లో ఇక్కడ మద్రాసు కళోద్యమానికి, అంటే ఈ పణికర్ తరం వాళ్ళ పనికి, ఒక మ్యూజియం తెరిచారు. శాశ్వత ప్రదర్శన అది. పక్కనే ఇండిగో, లాబర్నమ్ అని రెండు చిన్న గ్యాలరీలు. వాటిలో ప్రదర్శనలు మారుతుంటాయి. బయట తోటలో శిల్పాలు. మ్యూజియంలో ధనపాల్, సుల్తాన్ అలీ, నందగోపాల్ లాంటి పేర్లు చూస్తూ వెళ్ళండి. కె. రామానుజం దగ్గర కాస్త ఆగండి. ముప్పై దాటిన కొత్తల్లోనే పోయిన మనిషి. కలలో కట్టిన కోటల్లాంటి బొమ్మలు ఆయనవి. మనవాళ్ళ పేరు కనబడితే సంతోషం వేస్తుందంటారా, ఎం. రెడ్డప్ప నాయుడు (1932–1999) ఉన్నాడు. తూర్పు గోదావరి నుంచి వచ్చి పణికర్ దగ్గర చదివాడు. దేవుళ్ళనీ చర్చిలనీ పాటగాళ్ళనీ ఒకే తూకంతో గీశాడు. ఇంట్లో ఆయన పేరు చెప్తే ఎవరికీ తెలియదు. బాపు తెలిసినంతగా రెడ్డప్ప నాయుడు మనకి తెలియకపోవడం నాకు ఎప్పుడూ కొంచెం గుచ్చుకునే సంగతి.

ఇదే రోడ్డులో ఇంకా దక్షిణంగా, ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచారు. దక్షిణాది పాత ఇళ్ళని విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన ఆవరణ. ఆంధ్రా తీరం నుంచి వచ్చిన చుట్టిల్లు, తెలంగాణ ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు కూడా ఉన్నాయి. చుట్టిల్లు చూసి మా అమ్మ లోపలికి వెళ్ళి గోడ తడిమి "మా అమ్మమ్మ వాళ్ళది ఇంతకన్నా చల్లగా ఉండేది" అని తీర్పు చెప్పింది. సమకాలీన కళ కోసం వరిజ అనే గ్యాలరీ ఉంది.

చోళమండల్, దక్షిణచిత్ర, రెండిట్లో ఒకటే అంటే? పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే మరో మాట లేకుండా దక్షిణచిత్ర. పరిగెత్తడానికి చోటుంది, కుమ్మరి చక్రం ఉంది, బొమ్మల మీద ఆసక్తి లేనివాళ్ళకి ఇళ్ళున్నాయి. ఒక్కరే, లేదా మాట్లాడుకోదగ్గ స్నేహితుడితో అయితే చోళమండల్. కొత్త దంపతులైతే, ఏమో, ఇద్దరికీ బొమ్మలంటే ఎంత ఇష్టమో ముందు తేల్చుకోండి.

రెండూ ఒకే రోజు చూడొచ్చు. కాకపోతే దగ్గరగా ఉంది కదా అని చోళమండల్‌తో మొదలుపెట్టకండి. దక్షిణచిత్రలో ఎక్కువ భాగం ఆరుబయలు తిరగాలి. అందుకే ముందు దూరం వెళ్ళి, ఎండ ముదిరేలోపు అది చూసేసి, మధ్యాహ్నం నీడపట్టున చోళమండల్ మ్యూజియంలోకి వచ్చి పడండి. ఆదివారం సాయంత్రం మహాబలిపురం నుంచి తిరిగొచ్చే కార్లతో ఈసీఆర్ పరిస్థితి తెలిసిందే, నాలుగున్నరకల్లా తిరువాన్మియూరు చేరేలా చూసుకోండి. ఇంకో మాట. దక్షిణచిత్రకి మంగళవారం సెలవు. నేను ఒక మంగళవారం ఆఫీసుకి లీవు పెట్టి, ఇద్దరు చుట్టాల్ని కారెక్కించి, గేటు దాకా తీసుకెళ్ళిన ఘనుణ్ణి. మా బావ ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు "ఇవాళ ఏ వారం?" అని అడుగుతాడు.

ఎగ్మోరు మ్యూజియం సంగతి

ఆసియా సమకాలీన కళ కోసం అయితే దీన్ని చివర్లో పెట్టండి. 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం ఇది, శుక్రవారం సెలవు. రవివర్మ చిత్రాలు, చోళుల కంచు విగ్రహాలు ఇక్కడి పేరున్న సరుకు. హెన్రీ ఇర్విన్ గీసిన ఎర్ర భవనం బయటినుంచి చూడటానికే వెళ్ళొచ్చు.

అయితే తెలుగువాడిగా ఒక కారణం ఉంది. మన అమరావతి స్తూపం పలకలు పెద్ద సంఖ్యలో ఇక్కడే ఉన్నాయి. ఆ శైలి శ్రీలంక మీదుగా ఆగ్నేయాసియా దాకా వెళ్ళింది. వియత్నాంలో, ఇండోనేషియాలో దొరికిన కొన్ని పాత బుద్ధ విగ్రహాల మీద దాని నీడ ఉందని పండితులు చెప్తారు. ఆసియా దేశాల మధ్య బొమ్మల రాకపోకలు కార్ల కంపెనీలతో మొదలవలేదు. కృష్ణా తీరం నుంచి ఓడలెక్కిన రోజుల్నించీ ఉన్నాయి. అరగంట ఆ పలకల దగ్గర గడిపి రావడం దండగ కాదు.

ఫోటోలంటే ఇష్టమైతే

చెన్నై ఫోటో బియెన్నాలే అనే ఫోటోల పండగ కోసం ఆగండి. 2016లో మొదలైంది. పేరుకి రెండేళ్ళకోసారి అయినా, తేదీలు అటూ ఇటూ అవుతుంటాయి. దీని అందం గ్యాలరీ గోడల్ని దాటి రావడంలో ఉంది. 2019లో బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల దాన్ని తీర్చిదిద్దారు. చైనా పురాణగాథలోని అద్దాల లోకపు జీవుల్ని ఆ ఏడాది ఇతివృత్తంగా తీసుకున్నారు. మెరీనా ఎదుట ఉన్న సెనేట్ హౌస్‌లో ఆ ఫోటోలు చూడటం నాకింకా గుర్తుంది; మామూలు రోజుల్లో బయటినుంచి చూసి పోవడమే తప్ప లోపల అడుగు పెట్టని భవనం. నాలుగో విడత 2024 డిసెంబరు నుంచి 2025 మార్చి దాకా జరిగింది. ఇన్ని దేశాల పని ఇంత తక్కువ ఖర్చుతో ఈ ఊళ్ళో ఇంకెక్కడా దొరకదు. ఒక్క చిక్కేమిటంటే, వేదికలు ఊరంతా చెదిరి ఉంటాయి. ఒకే రోజులో అన్నీ చూద్దామనుకుంటే ఆటో ఖర్చే మిగులుతుంది. రెండు వేదికలు ఎంచుకోండి, చాలు.

కొనాలనుకుంటే

ఇప్పుడు ప్రైవేటు గ్యాలరీలు. నుంగంబాక్కంలో అప్పారావు గ్యాలరీస్ 1984 నుంచి ఉంది. పేరు వినగానే మనవాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి. సరళాస్ ఆర్ట్ సెంటర్ ఇంకా పాతది, 1965 నాటిది. అడయార్ వైపు ఫోరమ్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. వీటిలో ఎక్కువగా భారతీయ కళాకారులే ఉంటారు కాబట్టి, కొరియా జపాన్ చూడాలని వెళ్తే నిరాశే. కానీ కొనడానికి, కొనకపోయినా కొనేవాళ్ళు ఎలా కొంటారో తెలుసుకోవడానికి ఇవే చోట్లు. చాలావరకు ఆదివారం మూసేస్తారు, ఫోన్ చేసి వెళ్ళండి.

లోపలికి వెళ్ళడానికే భయపడేవాళ్ళు ఎంతమందో. నేనూ అంతే. మొదటిసారి ఒక గ్యాలరీలో అడుగు పెడితే అక్కడి మనిషి నా చెప్పుల వైపు చూసి "మీరు ఎవర్ని కలవడానికి వచ్చారు?" అన్నారు. ఆరు నెలలు మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. తర్వాత తెలిసింది, అది ఆ మనిషి తీరే తప్ప గ్యాలరీల తీరు కాదని. చాలాచోట్ల ఫ్యాన్ వేసి, ప్రైస్ లిస్ట్ చేతికిచ్చి వదిలేస్తారు. బట్టల షాపులోలాగా వెంటపడరు. ప్రైస్ లిస్ట్ అడగడం తప్పు కాదు. బొమ్మ పక్కన ఎర్ర చుక్క ఉంటే అమ్ముడైపోయినట్టు.

మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా: ఆయిల్ పెయింటింగ్ జోలికి పోకుండా ప్రింట్ కొనండి. ప్రింట్ అంటే కంప్యూటర్ ప్రింట్ అవుట్ కాదు. అత్తయ్య వేలితో రాసి చూసిన జింకు రేకు నుంచి ఒక్కొక్కటిగా చేత్తో తీసింది. కింద అంచున పెన్సిల్‌తో 3/25 అని ఉంటే, మొత్తం ఇరవై ఐదు తీస్తే ఇది మూడోది అని. పక్కన ఆర్టిస్టు సంతకం ఉండాలి. తెలుగువాళ్ళకి ప్రింట్ల మీద ఇంకాస్త హక్కుంది. ప్రపంచంలో ప్రింట్ మేకింగ్ చదివే ఎవరికైనా తెలిసిన పేరు కృష్ణారెడ్డి (1925–2018). చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టాడు. శాంతినికేతన్ తర్వాత కొన్నాళ్ళు ఇక్కడే, మద్రాసు కళాక్షేత్రలో కళ నేర్పాడు. ఆ తర్వాత ప్యారిస్ వెళ్ళి, ఒకే రేకు మీద చిక్కదనం తేడా ఉన్న రంగుల్ని ఒకేసారి అద్దే పద్ధతిని నిలబెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. లక్ష్మాగౌడ్ ఎచింగులు మీలో కొందరు చూసే ఉంటారు. పెద్దల పనులు అందకపోవచ్చు. కానీ కొత్తగా వస్తున్నవాళ్ళ ప్రింట్లు ఒక మంచి పట్టుచీర ఖరీదులోనే దొరుకుతాయి. చీర బీరువాలో ఉంటుంది, ఇది రోజూ కళ్ళముందుంటుంది, అని మా ఆవిడతో అన్నాను. ఆ వాదన గెలిచానని చెప్పను.

బేరం చేయొచ్చా అంటే, అడిగి చూడండి, కానీ పాండీబజార్ పద్ధతిలో సగానికి అడక్కండి. చిత్రాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం అయింది. చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో అడగండి. రసీదు, ఆర్టిస్టు వివరాలతో సర్టిఫికెట్ తీసుకోండి. ఫ్రేమ్ దగ్గర పిసినారితనం వద్దు. సముద్రపు గాలికి అద్దం లోపల బూజు పట్టి మచ్చలొస్తాయి, కాబట్టి ఆమ్లం లేని మౌంట్ వేయించండి, అద్దం కాగితానికి ఆనకుండా చూడండి. వాన నీరు చెమ్మ పట్టే బయటి గోడకి తగిలించకండి.

గుంటూరు వాడికి నేను చెప్పింది

వాడికి ఇంకో పాతికేళ్ళు ఇక్కడే ఉండే ఉద్యోగం. కాబట్టి తొందర లేదన్నాను. ఒక ఆదివారం చోళమండల్, ఆ తర్వాతి శనివారం ఇన్‌కో, ఈ రెండూ వరసగా. ఆ తర్వాత నెలకోసారి అకాడమీ, ఏముందో చూసుకోకుండా.

వాడు సింగపూర్ చూసొచ్చినవాడు, ఆ భారీతనం కావాలి వాడికి. అది చెన్నైలో దొరకదు, దాని కోసం కొచ్చి వెళ్ళాలి. 2012 నుంచి జరుగుతున్న కొచ్చి-ముజిరిస్ బియెన్నాలే డిసెంబరులో మొదలై ఎండలు ముదిరే దాకా ఉంటుంది. ఇక్కడ రాత్రి రైలెక్కితే పొద్దుటికి ఎర్నాకుళం. ఫోర్ట్ కొచ్చిలో పాత గోదాముల నిండా ఆసియా, ఆఫ్రికా, అన్నిచోట్ల పనీ ఉంటుంది. రెండు రోజులు నడిచి కాళ్ళు పీకుతాయి. చెన్నైలో ఏడాదంతా తిరిగినా కనబడనంత అక్కడ రెండు రోజుల్లో కనబడుతుంది. కాకపోతే ఎవరితోనూ మాట్లాడే తీరిక ఉండదు. జనంతో పాటు కదులుతూ పోవడమే. మొదటిసారి చూసేవాళ్ళని అందుకే నేను కొచ్చి పంపను. వీడు ఎలాగూ వెళ్తాడు, ఆపితే ఆగే రకం కాదు.

ఇది రాస్తుండగా నెల్లూరు నుంచి ఫోన్. వచ్చే నెల అత్తయ్యకి మళ్ళీ చెకప్. మందులు, షుగరు, మామయ్య మోకాళ్ళు అన్నీ అయ్యాక అడిగింది. "ఒరే, ఆ ఆసుపత్రి పక్కన బొమ్మలాఫీసు ఉందే, ఆ అబ్బాయి ఇంకా అక్కడే ఉంటాడా?" అతను ఉండడు అత్తయ్యా, వేరేవాళ్ళు ఉంటారు అన్నాను. "ఎవరైతే ఏముందిలే. రిపోర్టు ఎట్టాగూ నాలుగింటికే కదా ఇచ్చేది" అంది.